తొమ్మిది అంటే ఎవరు?

"అన్నా, మీ ఫైల్లో ఈ తొమ్మిది అంటే ఏంది?"

ఫోన్లో ఆ కుర్రాడు ఈ మాట అడిగేనాటికి రిపోర్టు అచ్చుకు వెళ్ళిపోయింది. పరిశోధన చేస్తున్న కుర్రాడు, తెలివైనవాడు. ముస్లిం కాడు. అయినా మా బతుకుల మీద ఆపేక్షతోనే ఆ పని నెత్తికెత్తుకున్నాడు. "తొమ్మిదంటే జవాబు చెప్పలేదని తమ్ముడూ" అన్నాను. అవతల కాసేపు చప్పుడు లేదు. "నేను ఇతరులు అనుకున్నానన్నా" అన్నాడు.

అలా పశ్చిమ ప్రకాశం ముస్లింలలో 'ఇతర కులాలు' అనే ఒక కొత్త జాతి పుట్టింది. కాగితం మీద పుట్టింది. మార్కాపురంలో గానీ, కంభంలో గానీ, గిద్దలూరులో గానీ ఏ గల్లీలో వెతికినా వాళ్ళు దొరకరు. అక్కడ ఉన్నది వేరే కులం కాదు, నోరు విప్పని మనుషులు. వాళ్ళెందుకు నోరు విప్పలేదో నాకు తెలుసు. ఆ కుర్రాడికి తెలియదు. తెలిసిన నేను రాసివ్వలేదు. ఈ వ్యాసం అందుకే రాస్తున్నాను. తప్పు ఎవరిదని వెతకాల్సిన పని లేదు, మొదటి తప్పు మాదే.

మేం చేసిన సర్వే చిన్నది. మూడు ఊళ్ళలో కొన్ని ముస్లిం వీధులు. ఇద్దరు ఉర్దూ టీచర్లు, పలకల పని మానేసి ఆటో నడుపుకుంటున్న ఒక మిత్రుడు, డిగ్రీ చదువుతున్న నలుగురు పిల్లలు, నేను. మీ పిల్లలు ఏ బడికి పోతున్నారు, ఇంట్లో ఏ భాష మాట్లాడతారు, మీదే కులం, పెద్దవాళ్ళు ఏం పని చేస్తారు? ఇవే ప్రశ్నలు. తిరిగింది 2020 జనవరి, ఫిబ్రవరి నెలల్లో.

ఏ నెలల్లో తిరిగామో గమనించండి. 2019 డిసెంబరులో పౌరసత్వ సవరణ చట్టం వచ్చింది. ఏప్రిల్ నుంచి జనాభా రిజిస్టరు కోసం ఇంటింటికీ వస్తారని, అమ్మానాన్నలు ఎక్కడ పుట్టారో అడుగుతారని ఊరంతా ఒకటే మాట. మేం సలాం చెప్పి, ఉర్దూలో పలకరించి, ఫలానావారి అబ్బాయినని చెప్పుకున్నా కొన్ని తలుపులు తెరుచుకోలేదు. తెరిచినవాళ్ళు కూడా పిల్లల చదువు సంగతి చెప్పి, కులం దగ్గరికొచ్చేసరికి ఆగిపోయారు. "అదెందుకు బేటా, ముసల్మాన్లమని రాసుకో, చాలు" అన్నారు. అలాంటి చోటల్లా మా పిల్లలు ఫారంలో తొమ్మిది వేశారు. మా దృష్టిలో ఆ తొమ్మిది ఒక చలికాలపు భయం. ఫైల్లోకి ఎక్కాక అది ఉత్త అంకె.

మార్చిలో లాక్‌డౌన్ వచ్చింది. ఫారాలు మా ఇంట్లో అటక మీద ఉండిపోయాయి. తర్వాత ఒక పిల్లవాడు వాటిని కంప్యూటర్లోకి ఎక్కించాడు. పైన అడ్డువరసలో గడుల పేర్లు: ఎంటీ, సీఎస్టీ, ఎస్సీహెచ్, ఓసీసీ. కింద అంకెలు. 'ఇంత కష్టపడ్డాం, ఎవరికైనా ఉపయోగపడనీ' అని ఆ ఫైలు ఆ కుర్రాడికి పంపేశాం. ఒక్క కాగితం కూడా జతచేయలేదు.

*

నేను బీయే చదివినవాణ్ణి. లెక్కలంటే టెన్త్‌తోనే దండం పెట్టినవాణ్ణి. రెండు భాషల పత్రికల్లో వార్తలు రాసి బతుకుతున్నవాణ్ణి. అలాంటి నాకు ఈ వేరియబుళ్ళ గొడవ ఎందుకని మిత్రులు అడిగారు. నా జవాబు ఇది: పట్టిక కూడా రచనే. దానికీ రచయిత ఉంటాడు, అతనికీ ఒక చూపు ఉంటుంది, అతనూ కొన్ని దాస్తాడు. ఒక కథలో సాయిబు పాత్ర యాస తప్పుగా ఉంటే మనం సభల్లో నిలదీస్తాం. సినిమాలో మనల్ని ఎలా చూపించారో పేజీలకు పేజీలు రాస్తాం. మనల్ని మొత్తంగా, కోట్ల మందిని ఒకే వాక్యంలో చెప్పేసే పట్టికను మాత్రం విమర్శ లేకుండా నెత్తిన పెట్టుకుంటాం. 1991లో ఖాదర్ మొహియుద్దీన్ 'పుట్టుమచ్చ' వచ్చినప్పటి నుంచీ, 1998లో 'జల్జలా' సంకలనం వచ్చినప్పటి నుంచీ తెలుగులో మనం అడుగుతున్నది ఒకటే: మాకు పేరు పెట్టేది ఎవరు? ఆ ప్రశ్నే పట్టికలో గడి పేరు దగ్గర కూర్చుని ఉంది. మనం అక్కడిదాకా వెళ్ళి అడగలేదు.

చలరాశి అంటే భయపడాల్సిందేమీ లేదు. మనిషి మనిషికీ మారే సంగతి. వయసు, చదువు, భాష, కులం. ఆ సంగతిని ఎలా అడిగారు, ఎవరిని అడిగారు, జవాబును ఏ అంకెగా మార్చారు, జవాబు రాకపోతే ఏం చేశారు? ఈ వివరమంతా కలిపి మెటాడేటా అంటున్నారు. అది రాసిన పుస్తకాన్ని కోడ్‌బుక్ అంటారు. 1995లో అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయంలో ఉన్న ఐసీపీఎస్ఆర్ సంస్థ చొరవతో దీనికొక ఉమ్మడి పద్ధతి తయారు చేయడం మొదలుపెట్టారు. దాన్ని డీడీఐ అంటారు. మన దేశంలో జాతీయ నమూనా సర్వేల ఫైళ్ళను కూడా ఆ పద్ధతిలో వివరాలు జతచేసి ఇస్తున్నారు. అంటే ఇది ఎవరికీ తెలియని విద్య కాదు. మా చిన్న సర్వేకు మేం చేసుకోని పని, అంతే.

ఆ కుర్రాడి పొరపాటుకు కూడా ఆధారం ఉంది. జాతీయ నమూనా సర్వే ఫారంలో మతానికి కోడ్లు ఉంటాయి. హిందూ 1, ఇస్లాం 2, క్రైస్తవం 3, అలా వెళ్ళి చివర ఇతరులు 9. సామాజిక వర్గానికీ అంతే. ఎస్టీ 1, ఎస్సీ 2, ఓబీసీ 3, ఇతరులు 9. ఏళ్ళ తరబడి ఆ ఫైళ్ళు చూసిన కంటికి తొమ్మిది అంటే ఇతరులే. మేం మా ఫారంలో ఇతరులకు 5 ఇచ్చి, చెప్పనివాళ్ళకు 9 ఇచ్చాం. అంకె ఒక్కటే, అర్థాలు రెండు. ఎవరి అర్థం వాళ్ళకు సహజం. మధ్యలో ఒక్క కాగితం ఉంటే సరిపోయేది.

*

కులం గడి ఒక్కటే కాదు. ఆ ఫోన్ తర్వాత అటక మీంచి ఫారాలు దించి ఒక్కో గడీ చూసుకుంటూ పోతే, మా అజ్ఞానం మాకే కనబడింది.

మాతృభాష గడి చూడండి. ఫారంలో రెండే కోడ్లు: ఉర్దూ 1, తెలుగు 2. గిద్దలూరులో తిరిగిన పిల్లవాడు తన సొంతంగా 3 వేసుకున్నాడు. పక్కన పెన్సిలుతో 'రెండూ' అని రాశాడు. ఒక ఇంట్లో ఒకావిడ అతనితో అన్న మాట కూడా అంచున రాసిపెట్టాడు: "మా అమ్మ నాతో తెలుగే మాట్లాడింది నాయనా. మా అత్తగారిల్లు ఉర్దూ. పిల్లలతో ఏది నోటికొస్తే అది. నీకేది కావాలో అది రాసుకో." ఫారాలు కంప్యూటర్లోకి ఎక్కించిన పిల్లవాడికి 3 అనే కోడ్ కనబడలేదు. ముస్లింలు కదా అని 1 కొట్టేశాడు. ఆ ఒక్క మీటతో ఆవిడ అమ్మ మాట్లాడిన తెలుగు మాయమైంది.

ఇది మా పిల్లవాడి అమాయకత్వమే కాదు, దేశమంతా ఉన్న అలవాటు. ముస్లిం అంటే ఉర్దూ, ఉర్దూ అంటే ముస్లిం. జనాభా లెక్కల సూచనల పుస్తకం మాత్రం ఇంకోలా చెబుతుంది. మాతృభాష అంటే చిన్నప్పుడు తల్లి బిడ్డతో మాట్లాడిన భాష. తల్లి పసితనంలోనే పోతే, చిన్నప్పుడు ఆ ఇంట్లో ప్రధానంగా మాట్లాడిన భాష. చెప్పింది చెప్పినట్టు రాసుకోవాలి, వాదన పెట్టుకోకూడదు, మతానికీ మాతృభాషకీ లంకె పెట్టకూడదు. ఇతర భాషలు తెలిస్తే మరో రెండు రాసుకునే వీలూ 2011 ఫారంలో ఉంది. అంటే గిద్దలూరు ఆవిడకు ఆ ఫారంలో చోటుంది, మా ఫారంలో లేదు. మనవాళ్ళమని చెప్పుకుని మేం తీసుకెళ్ళిన ఫారం ఇంకా ఇరుకుగా ఉంది.

అయితే ప్రభుత్వ లెక్క కూడా చెప్పింది చెప్పినట్టు బయటికి రాదు. 2011లో జనం తమ మాతృభాషలంటూ చెప్పిన పేర్లు 19,569. వాటిని వడగట్టి 1,369 మాతృభాషలుగా తేల్చారు. ఆపైన వాటిని కలిపి 121 భాషలుగా చూపించారు. మా నానీ మాట్లాడే దక్కనీ ఆ మెట్ల మీద ఎక్కడ నిలబడిందో, ఎక్కడ ఉర్దూలో కలిసిందో తెలియాలంటే చివరి పట్టిక చాలదు, మెట్లు కూడా చూపించాలి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2001 లెక్కల ప్రకారం ముస్లింలు దాదాపు 9.2 శాతం, ఉర్దూ మాతృభాషగా చెప్పినవారు దాదాపు 8.6 శాతం. ఆ రెండంకెల మధ్య సందులో తెలుగు మాతృభాషగా ఉన్న దూదేకులవాళ్ళు ఉంటారు, తమిళమో మరాఠీయో మాట్లాడే ముస్లింలు ఉంటారు. ఉర్దూ చెప్పుకునే ముస్లిమేతరులు కొందరుంటే ఆ సందు ఇంకా వెడల్పు. ఒక అంకె నుంచి ఇంకో అంకె తీసేసి 'తెలుగు ముస్లింలు ఇంతమంది' అని వ్యాసాలు రాసినవాళ్ళలో నేనూ ఉన్నాను. అది తప్పు లెక్క. రెండు గడులూ వేరు వేరు ప్రశ్నలకు జవాబులు.

బడి గడి సంగతి మరీ దారుణం. బడికి పోతే 1, పోకపోతే 0. మదరసాకు పోయే పిల్లల్ని ఒక టీచరు 1 అన్నాడు, ఇంకో టీచరు 0 అన్నాడు. ఇద్దరిదీ తప్పు కాదు, మేం ముందే తేల్చుకోలేదు. మరి ఆ ఫైలు చదివినవాడికి మార్కాపురం పిల్లలు చదువుకుంటున్నట్టూ కంభం పిల్లలు గాలికి తిరుగుతున్నట్టూ కనబడితే, ఆ తేడా పిల్లలదా, టీచర్లదా?

*

ఇక షేక్.

మా వైపు 'షేక్' అని పేరు ముందు రాసుకునేవాళ్ళు లెక్కలేనంత మంది. దూదేకుల ఇళ్ళలోనూ రాసుకుంటారు. నూర్‌బాషాలమని చెప్పేవాళ్ళూ రాసుకుంటారు. అది బిరుదా, ఇంటిపేరా, కులమా? 1970 నాటి వెనకబడిన తరగతుల జాబితాలో దూదేకుల, లద్దాఫ్, పింజారి లేక నూర్‌బాషా అని ఒకే వరసలో బీసీ-బి కింద ఉంది. 2007లో రాష్ట్ర ప్రభుత్వం తెచ్చిన చట్టంతో బీసీ-ఇ వచ్చింది, నాలుగు శాతం రిజర్వేషన్‌తో. అందులో షేక్ అనేదే ఒక వర్గం పేరు. సయ్యద్, మొఘల్, పఠాన్ లాంటివాళ్ళు ఆ జాబితాకు బయట. 2010 మార్చిలో సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వుతో అది అమల్లో కొనసాగింది. ఇప్పుడు మా ఫైల్లో కులం గడిలో 1, అంటే షేక్ అని ఉంటే, ఆ మనిషి బీసీ-ఇ షేకా, పేరు ముందు షేక్ ఉన్న బీసీ-బి దూదేకులా? మేం అడిగిన ప్రశ్న "మీదేంటి?" అని. దాన్ని కొందరు పేరు అడిగామనుకున్నారు, కొందరు కులం అనుకున్నారు, కొందరు సర్టిఫికెట్ అనుకున్నారు. అడిగిన మాట ఏమిటో రాసిపెట్టకపోతే వచ్చిన జవాబుకు అర్థం లేదు.

ఇది మా ఒక్క మూల సమస్య అనుకునేవాళ్ళు 2011 సామాజిక ఆర్థిక కుల గణన కథ వినాలి. 2021లో కేంద్ర ప్రభుత్వం సుప్రీంకోర్టుకు చెప్పిన ప్రకారం ఆ గణనలో పోగుపడిన కులాల పేర్లు 46 లక్షలకు పైనే. 1931 జనాభా లెక్కల్లో ఉన్న కులాలు 4,147. ఎనభై ఏళ్ళలో అన్ని కులాలు పుట్టుకొస్తాయా? ముందుగా పేర్ల జాబితా తయారు చేసుకోకుండా ఎవరికి తోచిన స్పెల్లింగు వాళ్ళు రాస్తే ఒక్కో కులం పది కులాలవుతుంది. దానికి ఆ అఫిడవిట్లో ఇచ్చిన ఉదాహరణల్లో ఒకటి ఎవరిదనుకున్నారు? మనదే. కేరళ మలబారులో మాప్పిళ్ళ ముస్లింల పేరు నలభై రకాలుగా రాస్తే నలభై కులాలుగా తేలిందట. దేశమంతా తిరిగి, ఇల్లిల్లూ అడిగి, చివరికి ఆ కులాల వివరం వాడకానికి పనికిరాదని పక్కన పెట్టేశారు. వెనకబడినవాళ్ళ లెక్క తేలితే ఎవరికి ఇబ్బందో ఆ రాజకీయం సంగతి వేరే మాట్లాడుకుందాం. కానీ ఆ రాజకీయానికి సాకు దొరికింది ఎక్కడ? కోడ్‌బుక్ లేని గడిలో.

ఇంకో ఉదాహరణ. 2025 ఫిబ్రవరిలో తెలంగాణ ప్రభుత్వం ఇంటింటి సర్వే అంకెలు బయటపెట్టింది. ముస్లింలు కాని బీసీలు 46.25 శాతం, ముస్లిం బీసీలు 10.08 శాతం, ఓసీ ముస్లింలు 2.48 శాతం. మరుసటి రోజు నుంచే కొట్లాట. బీసీలు 46 శాతమా, 56 శాతమా? రెండూ ఆ పట్టికలోవే. ముస్లిం బీసీని బీసీ గడిలో కలిపితే ఒక అంకె, ముస్లిం గడిలో కలిపితే ఇంకో అంకె. మనిషి ఒకడే. పొద్దున బీసీ, సాయంత్రం ముస్లిం. ఎవరికి ఏది లాభమైతే అతన్ని ఆ గడిలోకి తోసేస్తారు. అక్కడ గడులు విడివిడిగా చూపించారు కాబట్టి కనీసం ఆ తోపులాట మనకు కనబడింది. కలిపేసి ఒకే అంకె ఇచ్చి ఉంటే అదీ కనబడేది కాదు.

*

సెక్యులర్ మిత్రులు కొందరు "ముస్లింలలో కులాలెందుకు తవ్వుతారు, అసలే వాళ్ళ మీద దాడి జరుగుతున్న కాలంలో" అంటారు. మన పెద్దలు కొందరు "ఇస్లాంలో కులం లేదు, ముస్లిమని రాయించండి చాలు" అంటారు. ఇద్దరి మాటా ఒకే గడిలో పడుతుంది: తొమ్మిది. అయ్యా, మసీదులో సఫ్ లో పక్కపక్కనే నిలబడతాం, నిజమే. పెళ్ళి సంబంధం దగ్గర దూదేకుల పిల్లకు ఎవరు పక్కన నిలబడుతున్నారు? దూది ఏకే పని ఏనాడో పోయింది, పేరు మాత్రం పోలేదు. 1909లో థర్‌స్టన్ దక్షిణాది కులాల పుస్తకంలో దూదేకుల అని రాసుకున్నాడు, వాళ్ళ పని దూది శుభ్రం చేయడమన్నాడు. దొర రాసుకున్నది వాడుకోవడానికి మనకు అభ్యంతరం లేదు. మన పిల్లలు తమ గురించి తాము రాసుకుంటే అభ్యంతరమా?

మనం నెత్తిన పెట్టుకునే సచార్ కమిటీ నివేదికనే తీసుకోండి. 2005లో వేశారు, 2006 నవంబరులో నివేదిక వచ్చింది. ముస్లింలలో ఓబీసీలు 1999-2000 సర్వేలో 31.7 శాతం, 2004-05 సర్వేలో 40.7 శాతం అని అందులో ఉంది. ఐదేళ్ళలో తొమ్మిది శాతం మంది కొత్తగా ఓబీసీలుగా పుట్టారా? పుట్టరు. జాబితాలు మారతాయి, జనానికి తెలిసొస్తుంది, అడిగినప్పుడు ఇచ్చే జవాబు మారుతుంది. పైగా ఆ సర్వేలో మతం, సామాజిక వర్గం మనిషిని బట్టి కాదు, ఇంటిని బట్టి రాస్తారు. మా మార్కాపురం షేక్ 2004లో 'ఇతరులు', 2007 తర్వాత రాష్ట్రంలో బీసీ-ఇ. అంతమాత్రాన కేంద్ర జాబితాలో ఓబీసీ అయి తీరాలని లేదు. గడిలో ఉన్న 'ఓబీసీ' ఏ జాబితాది, ఏ సంవత్సరానిది? అది అడక్కుండా మనం సభల్లో శాతాలు చదువుతున్నాం. నేనూ చదివాను, చప్పట్లు కూడా కొట్టించుకున్నాను.

ఊరు కూడా చలరాశే. ఇది మా వైపువాళ్ళకు చెబితే వెంటనే అర్థమవుతుంది. మార్కాపురం, గిద్దలూరు 1970 ఫిబ్రవరి దాకా కర్నూలు జిల్లా. ఆ తర్వాత ఒంగోలు జిల్లా, 1972లో దానికే ప్రకాశం అని పేరు. 1985లో తాలూకాలు పోయి మండలాలొచ్చాయి. కాబట్టి 1981 పట్టికలో మార్కాపురం అంటే తాలూకా, 1991 పట్టికలో మండలం. 2025 చివర్లో మార్కాపురం కేంద్రంగా వేరే జిల్లా చేయాలని ప్రభుత్వం నిర్ణయం తీసుకుంది. 'మార్కాపురంలో ముస్లింలు తగ్గారు' అని ఎవరైనా పాత పట్టిక, కొత్త పట్టిక పక్కపక్కన పెట్టి రాస్తే, తగ్గింది మనుషులా, సరిహద్దా అని అడగాలి. ఊరి పేరు పక్కన తేదీ లేకపోతే ఆ ఊరు ఏ ఊరో తెలియదు.

*

ఇప్పుడు అసలు మాట. 2025 ఏప్రిల్‌లో కేంద్రం రాబోయే జనాభా లెక్కల్లో కులం కూడా రాస్తామని ప్రకటించింది. మన ప్రాంతాలకు 2027 మార్చి 1 ప్రమాణ తేదీ. స్వాతంత్ర్యం వచ్చాక మొదటిసారి మతం గడి పక్కనే అందరికీ కులం గడి ఉండబోతోంది. అప్పుడు మన ఇంటికొచ్చే మనిషి ఏ జాబితా పట్టుకొస్తాడు, షేక్ అంటే ఏం రాస్తాడు, నూర్‌బాషా, దూదేకుల ఒకటవుతాయా రెండవుతాయా, 'ముస్లిం అని రాసుకో చాలు' అంటే ఏ అంకె పడుతుంది? ఇవి ముందే అడగాల్సిన ప్రశ్నలు. అంకెలొచ్చాక ఏడ్చి లాభం లేదు. చిన్నప్పుడు మా ఊరి పలక మీద తప్పు రాస్తే ఉమ్మి రాసి తుడిచేసేవాళ్ళం. పట్టికలో తప్పు అలా తుడిస్తే పోదు. పది రిపోర్టుల్లోకి పాకి, ఒకదానికొకటి సాక్ష్యం చెబుతుంది.

సర్కారును అడిగేముందు మన చేతిలో ఉన్నది మనం చేయాలి. ఇవాళ ప్రతి ఊళ్ళో ఎవరో ఒకరు సర్వే చేస్తున్నారు. చేతులు మారే ముందు ఆ ఫైలుతో పాటు ఒక కాగితం పంపండి. గడి పేరు పొట్టిగా ఉంటే పూర్తి పేరు రాయండి. అడిగిన ప్రశ్న ఏ భాషలో ఏ మాటల్లో అడిగారో అలాగే దించండి. జవాబు చెప్పింది ఎవరు, మొగాయనా, ఆడమనిషా, పక్కింటివాళ్ళా? లెక్క మనిషిదా, ఇంటిదా? ఏ అంకెకు ఏ అర్థం? జవాబు లేని చోట నాలుగు రకాలుగా విడదీయండి: అడగలేదు, వర్తించదు, తెలియదన్నారు, చెప్పనన్నారు. ఈ నాలుగూ ఒకటి కాదు. చెప్పననడం కూడా ఒక జవాబే, ఒక్కోసారి అన్నిటికన్నా పెద్ద జవాబు. ఎప్పుడు తిరిగారు, అప్పుడు ఊళ్ళో ఏం జరుగుతోంది? ఏ జవాబును తర్వాత మార్చారు, ఎవరు మార్చారు, ఎందుకు? పని చేసినవాళ్ళే, జ్ఞాపకం చెదరకముందే రాయాలి. ఆరు నెలలాగితే రాసేది జ్ఞాపకం కాదు, ఊహ.

ఒక్క జాగ్రత్త. వివరం రాయమన్నానని మనుషుల పేర్లు, ఇంటి నంబర్లు పంపకండి. గడి గురించి ఎంత రాస్తే అంత మంచిది. మనిషి గురించి, అవసరమైనంతే. తలుపు తీయని ఆ ఇళ్ళవాళ్ళు భయపడింది సరిగ్గా దీనికే, మన పేరు ఏ జాబితాలో చేరుతుందోనని. ఆ భయాన్ని తొమ్మిదిగా రాసుకుని వచ్చిన మేం, ఆ పేర్లు మాత్రం ఎవరికో ఇచ్చేస్తే ఇక మా సలాంకు విలువేముంది?

మేం ఆలస్యంగానైనా ఆ కాగితం రాశాం. తెలుగులో ఒకటి, ఉర్దూలో ఒకటి. ఎనిమిది పేజీలొచ్చింది. మాతృభాష గడికి 3 చేర్చాం, పాత ఫారాలు చూసి మళ్ళీ ఎక్కించాం. బడి గడిని విడగొట్టాం. షేక్ దగ్గర తేల్చలేని చోట తేల్చలేమని రాశాం. గిద్దలూరు ఆవిడ మాటను పేరు లేకుండా ఆ గడి కింద వివరణగా దించాం. కుర్రాడు తన రిపోర్టుకు సవరణ పత్రం వేశాడు. అది ఎంతమంది చూస్తారో తెలియదు. 'ఇతర కులాలు' ఈపాటికి ఇంకెవరి వ్యాసంలోనో కూర్చుని ఉంటారు.

మొన్న మళ్ళీ ఫోన్ చేశాడు. "అన్నా, మీ కాగితంలో తొమ్మిది పక్కన 'చెప్పలేదు, 2020 జనవరి–ఫిబ్రవరి' అని తేదీ ఎందుకు రాశారు? మిగతా కోడ్లకు రాయలేదు కదా" అన్నాడు.

చెప్పాను. ఈసారి మొత్తం చెప్పాను. విన్నాక, ఆ మాటలు కూడా ఆ కాగితంలోనే రాయమన్నాడు. తొమ్మిదో పేజీ మొదలుపెట్టాను.